సున్నా స్వరం

3, సోమవారం

ప్రయోగశాల వారిచ్చిన ఫారంలో "నేటి మనఃస్థితి" అన్న గడి అగ్గిపెట్టె అంత ఉంది. విచారం, సంతోషం, కోపం, భయం. ఒక్కొక్క దానికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయాలి. నేను నాలుగింటికీ సున్నా వేసి సంతకం చేశాను. రోజూ అదే వేస్తాను. అంకెల్లో ఇమడని సంగతులేవైనా ఉంటే రాసుకోవడానికి ఈ నోటుపుస్తకం కొన్నాను. అటువంటివేమీ లేవు. అయినా కొన్నాను కనుక రాస్తున్నాను.

రికార్డు కోసం వివరాలు. వయసు యాభై మూడు. వృత్తి గొంతు. ఇరవై ఆరేళ్లు రేడియో నాటకాలు. నాటక విభాగం మూతపడిన తరువాత లిఫ్టులు. ఈ ఊళ్లో ఏ పెద్ద భవనంలో మీట నొక్కినా "తలుపులు మూసుకుంటున్నాయి" అని వినబడేది నేనే. ప్రస్తుతం భావోద్వేగాల ప్రయోగశాలలో తాత్కాలిక పద్ధతిపై సున్నా స్వరంగా పనిచేస్తున్నాను.

ఆ పదవి స్వరూపం ఇది. చిత్రకారులు, గాయకులు, శిల్పులు, కవులు మొత్తం యాభై ఎనిమిది మంది ఒక్కొక్కరుగా వచ్చి, అక్కడి గదిలో గంటసేపు తమ పని తాము చేసుకుని, ఆ వేడి చల్లారకముందే మైకు ముందు ఒకే ఒక వాక్యం పలికారు: "బల్ల మీద పుస్తకం ఉంది." ఆ వాక్యంలో భావమేమీ లేదు కాబట్టి అందులో వినబడేదంతా పలికినవారి భావమే అవుతుందని శాస్త్రం. కళ పుట్టే గంటలో మనిషి లోపల ఏముంటుందో అలా పట్టుకుంటారు. కంప్యూటరు వారి వాక్యాన్ని ఏ భావమూ లేని ఒక గొంతుతో పోల్చి తేడాను కొలుస్తుంది. ఆ గొంతు నాది. పోయిన నెల పద్నాలుగో తేదీ ఉదయం పది గంటలకు రికార్డు చేశారు. కొండల ఎత్తులకు సముద్రమట్టం ఎలాగో, ఆ యాభై ఎనిమిది మంది మనసులకు నేను అలాగ.

ఈ మాట శ్రీమతికి తెలియజేశాను.

"మీకు ఏ భావమూ లేదని నాకు పెళ్లయిన వారానికే తెలుసు. వాళ్లకి ఇప్పుడు తెలిసిందా?" అంది.

4, మంగళవారం

ఫలితాలు రావడం మొదలైంది. పరిశోధకురాలు కాగితాల ముందు దిగాలుగా కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ల అమ్మాయి. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని కళ్లజోడు కోసం వెతుకుతూ ఉంటుంది. పన్నెండు మంది ఫలితాలు వచ్చాయి. పన్నెండు మందీ సంతోషంగా ఉన్నారు.

"సార్, ఈ కవిగారు నా ఎదురుగానే ఏడ్చారు. రుమాలు ఇచ్చింది నేనే," అంది.

"కంప్యూటరు ఏమంటోంది?"

"ఓ మోస్తరు ఉల్లాసం అంటోంది."

"కవులకి ఏడిస్తే ఉల్లాసంగానే ఉంటుందమ్మా," అన్నాను. శాస్త్రానికి అనుభవం తోడుగా ఉండాలి.

పక్కనే ఉన్న హెడ్‌ఫోన్ కూడా తలూపాడు. హెడ్‌ఫోన్ అంటే అక్కడి సౌండ్ ఇంజనీరు. అసలు పేరు వాళ్లమ్మకు గుర్తుండి ఉంటుంది.

సాయంత్రం శ్రీమతి బడిపిల్లల బొమ్మలకు మార్కులు వేస్తూ (ఆవిడ డ్రాయింగు టీచరు), తలెత్తకుండా, "అక్కను చూసొచ్చారా?" అని అడిగింది. అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. రేడియోలో ఇరవై ఆరేళ్లు నా ఎదుట మైకు దగ్గర నిలబడిన మనిషి. గొంతు ఆపరేషను జరిగి ఇంట్లో విశ్రాంతిగా ఉంది. తొమ్మిదో నంబరు బస్సు దారి మరమ్మతులో ఉన్నందున వెళ్లడం కుదరలేదని శ్రీమతికి తెలియజేశాను.

6, గురువారం

నాలుగు గడులు, నాలుగు సున్నాలు. బస్సు దారి మరమ్మతులోనే ఉంది.

8, శనివారం

ఇవాళ వచ్చిన ఫలితం ముప్పై ఒకటో నంబరుది, మట్టిబొమ్మల శిల్పిది. గంట పూర్తికావస్తుండగా ఆయన చేస్తున్న బొమ్మకు మెడ విరిగి తల నేల మీద పడింది. ఆయన పదకొండు నిమిషాలు తిట్టాడు. మట్టిని, నీళ్లను, తన గురువుగారిని, ఆ గురువుగారి గురువుగారిని. అంతా టేపులో ఉంది. ఆ వెంటనే మైకు దగ్గరికి వెళ్లి "బల్ల మీద పుస్తకం ఉంది" అన్నాడు. ఆ పుస్తకం తీసి ఎవరి మీదికో విసరబోతున్నట్టు. కంప్యూటరు తీర్పు: ఉత్సాహం, సంతృప్తి.

ప్రయోగశాల పెద్దసారు మాత్రం చాలా సంతోషించారు. ఆయన సంతోషాన్ని కొలవడానికి కంప్యూటరు అక్కర్లేదు.

"కళ ఆనందంలోంచే పుడుతుందని తేలిపోయిందమ్మా! పేపర్లకి ఇచ్చేద్దాం."

"తేలలేదు సార్. ఎక్కడో తప్పుంది. ఒక్క వారం ఆగండి," అంది పరిశోధకురాలు.

"వారమంటే వారమే. ఇరవై ఎనిమిదిన కమిటీ ముందు కూర్చోవాలి. మర్చిపోకు."

తప్పు ఎక్కడుందో వెతకడంలో అవసరమైతే నా సహాయం తీసుకోమని ఆ అమ్మాయికి చెప్పాను. రికార్డింగుల్లో నాకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

11, మంగళవారం

హెడ్‌ఫోన్ నన్ను పక్కకు పిలిచి, "గురూగారూ, ఏమీ అనుకోకండి," అన్నాడు. అలా మొదలైన సంభాషణ ఏదీ ఇంతవరకు నాకు మేలు చేయలేదు.

"వైర్లు చూశాం. మైకు మార్చాం. కంప్యూటరు మళ్లీ మొదట్నుంచీ నడిపించాం. ఇక చూడకుండా మిగిలింది మీరొక్కరే."

"నన్నేం చూస్తావయ్యా?"

"చూసేశాం. మీ సున్నాని నలభై మంది స్టూడెంట్లకి వినిపించాం. ఎవరిదో చెప్పలేదు. మీకేం వినపడిందో రాయండి అన్నామంతే."

కాగితం చేతికిచ్చాడు. యథాతథంగా నకలు చేస్తున్నాను.

విచారం: 34. అలసట: 3. లిఫ్టు: 2. ఆకలి: 1 (ఈ విద్యార్థి భోజనానికి ముందు వచ్చినట్టు విచారణలో తేలింది). ఏ భావమూ లేదు: ఎవరూ రాయలేదు.

"మీరు గోతిలో దిగి నిలబడ్డారు గురూగారూ. మేం అక్కణ్ణుంచి కొలిచాం. అందుకే ఊళ్లో వాళ్లంతా ఎత్తుగా కనపడుతున్నారు."

నా గొంతు ఈ ఊళ్లో రెండు వందల పైచిలుకు లిఫ్టులను నడిపిస్తున్నదని, విచారంతో ఉన్న గొంతును నమ్మి ఏ పౌరుడూ తొమ్మిదో అంతస్తుకు వెళ్లడని అతనికి గుర్తుచేశాను. మరోసారి పరీక్ష పెట్టవలసిందిగా లిఖితపూర్వకంగా కోరాను.

12, బుధవారం

ఇంట్లో సాధన. సబ్బుపెట్టె మీద ఉన్న విషయాన్ని ఏ భావమూ లేకుండా బిగ్గరగా చదివాను. "చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను. కళ్లలో పడినచో వెంటనే నీటితో కడుగవలెను."

వంటింట్లోంచి శ్రీమతి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"ఎవరు పోయారండీ?"

ఎవరూ పోలేదని, సబ్బు చదువుతున్నానని చెప్పాను. ఆవిడ కాసేపు నా వంక చూసి, సబ్బు తీసుకుని వెళ్లిపోయింది.

13, గురువారం

రెండో పరీక్ష. కొత్త రికార్డింగు, కొత్త విద్యార్థులు, మళ్లీ నలభై మంది. విచారం 29. "కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వాలి" అని ఆరుగురు రాశారు. ఒక అమ్మాయి "ఈయన ఇంటికి ఎవరైనా ఫోన్ చేయండి" అని రాసింది. లిఫ్టు 4.

లిఫ్టు రెండు నుంచి నాలుగుకు పెరగడం ఆశాజనకం.

14, శుక్రవారం

పరిశోధకురాలు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, టీ తెప్పించింది. నేను ఉద్యోగం పోయిందనుకున్నాను. అంతకంటే ఇబ్బందికరమైనది ఎదురైంది. ఆప్యాయత.

"సార్, మిమ్మల్ని తప్పుపట్టడానికి పిలవలేదు. లోపల ఏదైనా ఉంటే దానికి ఒక పేరు పెట్టుకుంటాం చూడండి, 'ఇది దిగులు, ఇది కుళ్లు' అని? పెట్టగానే కాస్త నెమ్మదిస్తుంది. పెట్టకపోతే అది ఎక్కడికీ పోదు. చేతిలోకో గొంతులోకో దిగుతుంది. ఇంట్లో నోరు విప్పనివాళ్లు కూడా బొమ్మలో అంతా చెప్పేస్తారు, చెప్పామని వాళ్లకే తెలీదు. మేం చదివేది అదే."

"నా గొంతులోకి ఏదీ దిగలేదమ్మా. రోజూ ఉదయం ఉప్పునీళ్లతో పుక్కిలిస్తాను."

ఆమె నవ్వలేదు.

"పోయిన నెల పద్నాలుగున ఏమైనా జరిగిందా సార్?"

"లేదు."

"కావాలంటే సున్నాని మళ్లీ రికార్డు చేసుకోగలం. కానీ సున్నా మారిస్తే ఆ యాభై ఎనిమిది మందినీ పిలిచి మళ్లీ మొదట్నుంచీ చేయించాలని నిబంధన. బొమ్మ విరిగినప్పుడు వచ్చిన కోపం మళ్లీ తెమ్మంటే ఆ శిల్పిగారు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఇప్పుడు ఒకటే దారి. గడియారం ఎంత తప్పుందో తెలిస్తే గంటలన్నీ సరిచేసుకోవచ్చు. ఆ పొద్దున మీలో విచారం ఎంతుందో ఒక్క అంకె చెప్పండి. మిగతాది నేను చూసుకుంటా."

"సున్నా."

ఆమె కళ్లజోడు కోసం బల్ల మీద తడిమింది. అది యథాప్రకారం నెత్తిమీద ఉంది.

"అంకె లేకపోతే ఇరవై ఎనిమిదిన కమిటీకి చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండదు సార్. మూడేళ్ల పని. దాంతోపాటే ఉద్యోగమూ పోతుంది."

ఆ సంగతి బల్ల మీద పుస్తకం ఉందన్నంత మామూలుగా చెప్పింది. సున్నా స్వరం పదవి ఆ అమ్మాయికే ఇచ్చి ఉండవలసింది.

పోయిన నెల పద్నాలుగో తేదీ కార్యక్రమం జ్ఞాపకమున్నంత వరకు: ఆరున్నరకు లేచాను. పుక్కిలించాను. టీ. చొక్కా గుండీ ఊడితే శ్రీమతి కుట్టింది. ఎనిమిదీ పదికి ఒక ఫోను. తొమ్మిదింటికి బయలుదేరాను. పది గంటలకు రికార్డింగు. ఒకే టేకులో అయిపోయిందని అందరూ మెచ్చుకున్నారు.

15, శనివారం

ఏమీ లేదు.

17, సోమవారం

పెద్దసారు నిబంధనల పుస్తకం తిరగేశారు. సున్నా స్వరం ఇచ్చినవారు తరువాత తమ అంకెను తామే మార్చుకోవడం చెల్లదు. ఆ గొంతును పదేళ్లకు పైగా ఎరిగిన సాక్షి ఒకరు రికార్డింగు విని అంకె వేయాలి. గొంతు సొంతదారు దానికి అంగీకరిస్తూ పక్కన సంతకం చేయాలి. సాక్షికి, సొంతదారుకు బంధుత్వం ఉండరాదు. ఫారం నాకు ఇచ్చారు. ఇరవై నాలుగు లోపల అందజేయాలి.

బంధుత్వం సంగతి చెప్పేలోపే శ్రీమతి అంకె వేసేసింది.

"తొమ్మిది. రాసుకోండి."

"నువ్వు అనర్హురాలివి."

"ముప్పై ఏళ్లు ఈ గొంతుతో కాపురం చేశాను. పెళ్లిచూపుల్లో మీకు ఇష్టమేనా అని మా నాన్న అడిగితే 'సమ్మతమే' అన్నారు గుర్తుందా? అప్పుడు మా అత్తయ్య నా చెవిలో ఏమందో తెలుసా? 'పాపం, అబ్బాయికి ఒంట్లో బాలేదేమోనే' అంది. నాకంటే అర్హత ఇంకెవరికుంది?"

"నిబంధన అది."

"అయితే ఎవరి దగ్గరికి వెళ్లాలో మీకు తెలుసు."

తరువాత ఎవరో పిల్లవాడు గీసిన ఐదు కాళ్ల గుర్రానికి ఏడు మార్కులు వేసింది.

18, మంగళవారం

బస్సు దారి మరమ్మతు పూర్తయి పది రోజులైందని శ్రీమతి తెలియజేసింది. ఈ సమాచారం ఆవిడకు ఎలా అందిందో విచారించాలి.

19, బుధవారం

ప్రయోగశాలలో పరిశోధకురాలు నన్ను అంకె అడగలేదు. టీ తాగుతారా అని అడిగింది. తాగాను. అడిగి ఉంటే బాగుండేది.

20, గురువారం

ఈ పేజీ రికార్డుకు సంబంధించినది కాదు.

పోయిన నెల పద్నాలుగున ఎనిమిదీ పదికి వచ్చిన ఫోను అక్కది. అప్పటికే గొంతు చిరిగిన కాగితంలా ఉంది.

"ఏరా తమ్ముడూ, రేపు పొద్దున కోస్తారట. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారట. మాట రాదట ఇక. అందుకని ఇవాళే అందరికీ ఫోన్లు చేసేస్తున్నా. నీది నాలుగోది. మూడోది పాలవాడు, వాడు నీకంటే ముందు ఎత్తుతాడని."

శ్రీమతి కుట్టిన గుండీని లాగి చూశాను.

"నన్నేమైనా తిట్టాలనుంటే ఎల్లుండి తిట్టు. ఎదురు చెప్పలేను, హాయిగా ఉంటుంది నీకు. ఏరా, ఉన్నావా?"

"సరే అక్కా. జాగ్రత్త," అన్నాను.

అంతే. తలుపులు మూసుకుంటున్నాయి అనే గొంతుతోనే అన్నాను. అక్క ఒక క్షణం ఆగి, "సరే, ఉంటా," అని పెట్టేసింది. ఆవిడ గొంతుతో నాతో అన్న చివరి మాట అది. నేను ఆవిడకు బదులుగా ఇచ్చినది లిఫ్టు. చొక్కా తొడుక్కుని ప్రయోగశాలకు వెళ్లాను.

ఇరవై ఆరేళ్లలో అక్క ఎదుట ఒక్కసారి కూడా మాట తడుముకోలేదు. స్క్రిప్టు ఉండేది.

నా మొదటి నాటకంలో అక్క నాకు తల్లి. తల్లి చావుబతుకుల్లో ఉంటుంది, కొడుకు మంచం పక్కన కూర్చుని ఊరి సంగతులు చెబుతాడు. నేను మైకు ముందు భోరుమన్నాను. రికార్డింగు ఆపించి, చావుబతుకుల్లో ఉన్న మనిషి లేచి వచ్చి నా చెవి పట్టుకుంది.

"ఏడవకురా! నువ్వే ఏడ్చేస్తే వినేవాడికి ఏం మిగులుతుంది? ఆపుకో. ఆపుకుంటున్నావని కూడా తెలియనీయకు. రైలు టైములు చదివినట్టు చెప్పు. రేడియో ముందు కూర్చున్నవాళ్లు వాళ్లే ఏడుస్తారు."

చెప్పినట్టే చేశాను. ఆ నాటకానికి ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి. అప్పటినుంచి నాకు చేతనైన విద్య అదొక్కటే. అంటే పద్నాలుగో తేదీన, పది గంటలకు, బల్ల మీద పుస్తకం

రేపు శుక్రవారం. బస్సు నాలుగున్నరకు.

21, శుక్రవారం

వెళ్లాను.

తలుపు తీసింది అక్క మేనకోడలు. "మీరా! రోజూ మీ గురించే రాస్తోంది," అంది. అది అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అక్క కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మెడ చుట్టూ నీలం రుమాలు. ఒళ్లో నోటుపుస్తకం, పెన్సిలు. చిక్కింది. కళ్లు మాత్రం చిక్కలేదు.

నేను దారిలో తయారుచేసుకున్న వాక్యాలు నాలుగు. ఒక్కటీ రాలేదు. అక్క పెన్సిలు తీసుకుంది.

"ముప్పై ఎనిమిది రోజులు," అని రాసి నా వైపు తిప్పింది.

"బస్సు దారి..." అన్నాను.

"పాలవాడు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు."

నేను జేబులోంచి ఫారం తీసి, వచ్చిన పని శాస్త్ర సంబంధమైనదని చెప్పాను. అంతా వివరించాను: సున్నా, నలభై మంది విద్యార్థులు, ఆకలి ఒకటి, ఆ అమ్మాయి ఉద్యోగం. ఆకలి దగ్గర అక్క భుజాలు ఊగాయి. శబ్దం రాలేదు. అది నవ్వు అని గ్రహించడానికి నాకు ఒక క్షణం పట్టింది.

ఫోనులో రికార్డింగు పెట్టి ఇయర్‌ఫోన్లు ఇచ్చాను. కళ్లు మూసుకుని వింది. మళ్లీ వింది. పెన్సిలు తీసుకుంది.

"ఎవరు రాశార్రా ఈ డైలాగు?"

"శాస్త్రజ్ఞులు."

"దిక్కుమాలిన డైలాగు. నువ్వు మాత్రం బాగా చేశావు."

"అక్కా, నేనేమీ చెయ్యలేదు. ఊరికే చదివాను."

"అదే."

అంకె వేయవలసిన గడి చూపించాను. ఆవిడ 8 వేసింది.

"ఎనిమిది ఎక్కువక్కా. మూడు చాలు."

ఆవిడ ఎనిమిది మీదే మళ్లీ దిద్దింది, ఈసారి లావుగా.

"పోనీ ఆరు. మొహమాటానికైనా."

ఎనిమిది కింద గీత గీసింది. కాగితం కొంచెం చిరిగింది. తరువాత నోటుపుస్తకంలో చాలాసేపు రాసింది. నేను కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన దుప్పటిని చూస్తూ కూర్చున్నాను. పేజీ తిప్పి నాకిచ్చింది.

"ఆ రోజు ఫోన్లో సరే అక్కా జాగ్రత్త అన్నావు చూడు, అది పది. ఫోను పెట్టేశాక గోడవైపు తిరిగి కూర్చున్నాను. నువ్వు ఏమీ అనలేదనుకున్నావా? వెధవా. నేర్పింది ఎవరు?"

ఈ సందర్భంగా నా వైపు నుంచి జరిగిన దానిని ఇక్కడ నమోదు చేయడం లేదు. మేనకోడలు మంచినీళ్లు తెచ్చింది. తాగాను. ఆరుగురు విద్యార్థులు సూచించిన చికిత్స అదే.

సంతకం చేయబోతే ఇంకొక గడి మిగిలింది. "సాక్షితో బంధుత్వం." నిబంధన ప్రకారం "లేదు" అని రాయాలి. రెండు అక్షరాలే. కలం పెట్టి తీశాను, మళ్లీ పెట్టాను. అక్క ఫారం లాక్కుని తానే నింపింది:

"తల్లి (41 నాటకాలు). భార్య (17). అత్తగారు (6). కూతురు (1, ఆ రోజు పాత్రధారిణి రాలేదు)."

24, సోమవారం

ఫారం అందజేశాను. పరిశోధకురాలు అంకె చూసి ఊపిరి వదిలింది. బంధుత్వం గడి దగ్గర ఆగింది.

"సార్... దీన్నేం చెయ్యమంటారు?"

"రక్తసంబంధం లేదని నేను విడిగా రాసిస్తాను. కానీ ఆ గడి కొట్టేయడానికి వీల్లేదు. సాక్షి ఒప్పుకోదు."

"నేనూ ఒప్పుకోను," అని హెడ్‌ఫోన్ వెనక నుంచి అన్నాడు. అతణ్ణి ఎవరూ అడగలేదు.

ఇవాళ్టి నాలుగు గడుల్లో రెండు మాత్రమే సున్నాలు. ఏవన్నది ఫారంలో ఉంది.

28, శుక్రవారం

కమిటీ ముగిసింది. అందరి అంకెలనూ ఎనిమిది మెట్లు కిందికి దించారు. కవిగారు విచారంలో ఉన్నట్టు, శిల్పి కోపంలో ఉన్నట్టు కంప్యూటరు ఒప్పుకుంది. నలభై నాలుగో నంబరు చిత్రకారిణి మాత్రం ఎంత దించినా సంతోషంగానే ఉంది. విచారిస్తే ఆవిడ నిజంగానే సంతోషంగా ఉందట. ఒక ఫ్లూటు వాయించే పెద్దమనిషి అచ్చంగా సున్నాలో ఉన్నాడు. వచ్చే సంవత్సరం నా పదవి ఆయనకు ఇస్తారు.

కళ ఆనందంలోంచే పుడుతుందన్న పత్రికా ప్రకటనను పెద్దసారు మడిచి సొరుగులో పెట్టేశారు. "మరి దేన్నుంచి పుడుతుంది?" అని కమిటీ అడిగితే, పరిశోధకురాలు "ఆ పూట ఏది ఉంటే దాన్నుంచి సార్" అందట. మూడేళ్ల పనికి ఇది చిన్న జవాబే. కానీ ఆమె ఉద్యోగం ఇంకో మూడేళ్లు పొడిగించారు.

నన్ను సున్నా నుంచి తొలగించి, విచారం విభాగంలో ఎనిమిదవ స్థాయికి ప్రామాణిక స్వరంగా నియమించారు. దీన్ని పదోన్నతిగా పరిగణించవచ్చునా అని శ్రీమతిని అడిగాను. స్వీట్లు పంచమంది.

29, శనివారం

అక్క ఇంట్లో సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర వరకు.

రాయడానికి చెయ్యి నొప్పెడుతోందని నోటుపుస్తకం పక్కన పెట్టేసింది. పెదవులు కదిలిస్తూ ఏదో అంది. నాకు అర్థం కాలేదు. మళ్లీ అంది, విసుగ్గా. ఆ విసుగు నాకు తెలుసు. మైకు ముందు నా వంతు మాట అందుకోవడం ఆలస్యమైనప్పుడు వచ్చే విసుగు. దానితో మాట కూడా తెలిసిపోయింది: "కిటికీ వేసెయ్, దోమలు."

వేశాను. తరువాత ఆవిడ పెదవులు కదిలిస్తుంటే వెంటవెంటనే ఆ మాటలు నేను పైకి అనడం మొదలుపెట్టాను, సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోవడానికి మాత్రమే. ఎదుటి మేడావిడ దుప్పటి వారం నుంచి తియ్యలేదంది, అన్నాను. డాక్టరు మంచివాడే గానీ మీసం బాలేదంది, అన్నాను. నువ్వు లావయ్యావంది, అది కూడా అన్నాను. ఆవిడ మాటలు కనుక ఆవిడలాగే అనవలసి వచ్చింది, ఎత్తుకోవడం, సాగదీయడం, చివర విరవడం అన్నీ. నాకు తెలియకుండానే నా గొంతు పైకి పోయింది. అక్క వేగం పెంచింది. నేనూ పెంచాను. ఇద్దరం పాలవాడి మీద పడ్డాం.

వంటింట్లో ఏదో గిన్నె పడింది. మేనకోడలు తడిచేతులతో పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అక్కను చూసింది, నన్ను చూసింది, మళ్లీ అక్కను చూసింది.

"అత్తా, నువ్వు... నువ్వు మాట్లాడావనుకున్నా," అంది.

మేనకోడలు చేతుల నుంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి. అక్క నోటుపుస్తకం తీసుకుని, ఒక వాక్యం రాసి, మేనకోడలికి కాదు, నాకు చూపించింది.

"నా గొంతు మరీ అంత కీచుగా ఉండేదా?"

ఉండేదని ధృవీకరించాను.